అమ్మణ్ణీ, దూడను ఇడిచినా!

తెల్లవారుజామున నాలుగున్నరకు నేత్రావతి ఫోను మోగితే ఆ ఇంట్లో లేవనిది నేత్రావతి ఒక్కతే.

మొదట చైతు లేచేది. ఎనిమిది నెలల పిల్ల. లేవడమంటే కళ్ళు తెరవడం కాదు, రెండు పిడికిళ్ళూ బిగించి ఇంటి కప్పు లేచిపోయేలా ఏడవడం. చైతు వెంట వాళ్ళమ్మ సహన. సహన వెంట ఆమె భర్త మునీంద్ర, నేత్రావతికి అన్న. అటుపైన కింది వాటాలో ఉండే భాగీరథమ్మ కుక్క. అది గొంతెత్తితే బెంగళూరు లగ్గెరెలో ఆ వీధి కుక్కలన్నీ వరసగా హాజరు పలికేవి. ఇంత సందడిలోనూ నేత్రావతి ఈ పక్క నుంచి ఆ పక్కకు ఒత్తిగిలి, దుప్పటి చెవుల మీదికి లాక్కుని, హాయిగా ఊపిరి తీసేది.

ఆ రోజూ అదే జరిగింది. చివరికి సహన ఒక చేత్తో బిడ్డను ఎత్తుకుని, రెండో చేత్తో ఆడబిడ్డ భుజం పట్టి కుదిపింది.

"ఏయ్ నేత్రా! నీ ఫోను లేపేది నిన్ను కాదు తల్లీ, నా బిడ్డని. దీన్ని మళ్ళా నిద్రబుచ్చేసరికి ఏడైతాది. నీకు దండం పెడతా, లెయ్యి!"

నేత్రావతి లేచి గడియారం చూసింది. ఐదూ పది. ఫ్యాక్టరీ బస్సు ఐదుంపావుకు బ్రిడ్జి దగ్గర ఆగుతుంది, రెండు నిమిషాలకన్నా నిలవదు. ముఖం కడుక్కుని, జడ వేసుకోకుండానే, చెప్పులు చేత పట్టుకుని మెట్లు దిగింది. ఆమె బ్రిడ్జి చేరేసరికి బస్సు వెనక దీపాలు మలుపు తిరుగుతున్నాయి.

అది రెండో లేటు.

నేత్రావతి ములబాగిలు దగ్గరి పల్లె నుంచి వచ్చి ఐదు నెలలు కావస్తోంది. పీణ్యలో వేలెడంత ఉక్కు బుష్‌లు, లోపల రంధ్రమున్న చిన్న గొట్టాలు, తయారుచేసే ఫ్యాక్టరీలో ఆమెది తనిఖీ పని. గేజ్ అని ఒక చిన్న కడ్డీ ఉంటుంది. దాని ఒక కొన బుష్ రంధ్రంలో దూరాలి, రెండో కొన దూరకూడదు. రెండూ సరిపోతే మంచి బుష్, లేకపోతే ఎర్ర డబ్బాలోకి. రోజుకు ఎనిమిది వందల బుష్‌లు చూడాలి. పక్కన కూర్చునే ఆడపిల్లలకు అది విసుగు పని. నేత్రావతికి కాదు. ఆమెకు చూడటమంటే ఇష్టం. పల్లె బడిలో చదువుకున్నన్నాళ్ళూ మాట్లాడిన దానికన్నా చూసిందే ఎక్కువ. ఏ బుష్ ఏ మిషన్ నుంచి వచ్చిందో మెరుపును బట్టి చెప్పగలిగేది.

తనిఖీ హాలు చివర ఒక అద్దాల గది ఉంది. లోపల ఏసీ, తెల్లటి దీపాలు, నల్లరాతి బల్ల మీద పెద్ద కొలత యంత్రం. వెంట్రుక మందంలో పదో వంతు తేడా ఉన్నా పట్టేస్తుందని చెప్పుకునేవారు. ట్రైనింగ్ ముగిసి కన్‌ఫర్మ్ అయినవాళ్ళకే ఆ గదిలోకి దారి. టీ తాగేటప్పుడల్లా నేత్రావతి ఆ అద్దానికి దగ్గరగా నిలబడేది. ఒకరోజు సూపర్‌వైజర్ జయరామప్ప అది చూశాడు.

"నీ కండ్లు బాగుండాయమ్మా. కన్‌ఫర్మ్ అయితే నిన్ను ఆ మిషన్ మీదికే ఏస్తా. కానీ ఆఖరి రెండు నెల్లలో మూడు లేట్లు పడినాయంటే నా చేతిలో ఏమీ లేదు. మళ్ళా ఆరు నెల్లు ట్రైనింగే."

ఇప్పుడు రెండు పడ్డాయి. ముందున్న రెండు వారాలూ మధ్యాహ్నం షిఫ్టు కాబట్టి గండం లేదు. ఆ తర్వాతి రెండు వారాలు మళ్ళీ పొద్దున షిఫ్టు. ఆదివారాలు తీసేస్తే పన్నెండు తెల్లవారుజాములు. పన్నెండింటిలో ఒక్కటి తప్పినా అద్దాల గది అద్దాల అవతలే ఉండిపోతుంది.

ఆ రాత్రి అన్నాల దగ్గర సహన మాట తేల్చేసింది.

"నేత్రా, నీ మీద నాకేం కోపం లేదు. కానీ ఇంక అలారం మాత్రం వద్దు. చైతు తెల్లారేదాకా నిద్రపోవడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటాంది. దానికి నిద్రుంటే నాకుంటాది, నాకుంటే ఈ ఇంట్లో అందరికీ ఊటా తిండీ ఉంటాది."

"నేను లేపుతాలే," అన్నాడు మునీంద్ర.

సహన అతని వైపు చూసింది. "నిన్నెవరు లేపేది?"

మునీంద్ర చారు పోసుకోవడంలో మునిగిపోయాడు.

ఫోనును మోగకుండా వణికేలా పెట్టి దిండు కింద దాచుకోవడం కూడా అయింది. అది వణుకుతూ వణుకుతూ దిండు కింద నుంచి జారి, మంచం పక్కనున్న రేకుపెట్టె మీద పడి, దాన్ని కూడా వణికించింది. ఇంట్లో పిండిమిల్లు పెట్టినట్లయింది. నేత్రావతి తప్ప అందరూ లేచారు.

*

కావేరి నీళ్ళు వచ్చే రోజు కింది కొళాయి దగ్గర బిందెలు వరస పెట్టేవారు. డెబ్భై ఏళ్ళ భాగీరథమ్మ మోకాళ్ళ నొప్పులతో మెట్టు మీద కూర్చుని, ఎవరి బిందె ముందో ఎవరిది వెనకో తీర్పు చెప్పేది. నలభై ఏళ్ళు పూలు అమ్మిన మనిషి. తెల్లవారకముందే సిటీ మార్కెట్‌కు పోయి, పూలు తెచ్చి, కట్టి, వీధి వీధి తిరిగి అమ్మి ముగ్గురు పిల్లల పెళ్ళిళ్ళు చేసింది.

"ఏమప్పా నేత్రా, తెల్లారకముందే మీ ఇంట్లో దినామూ పెండ్లి జరుగుతాంది? మా కుక్కకి బేజారైపోయిండాది."

నేత్రావతి సిగ్గుపడుతూ సంగతంతా చెప్పింది. భాగీరథమ్మ విని, పక్కకు తిరిగి ఆకువక్క ఉమ్మేసింది.

"నలభై ఏండ్లు మూడు గంటలకి లేసినా. నాకు అలారం ఎవురు కొట్టినారు? మా ఇంట్లో గడియారమే లేదు అప్పుడు."

"మరెట్ల లేస్తావుంటివమ్మా?"

"చెప్పుకోని పండుకుంటావుంటి."

"ఎవరికి?"

"నాకే. ఇంకెవరికి, కార్పొరేషనోళ్ళకా?" అంది ముసలామె. ఆపైన గొంతు తగ్గించింది. "చూడప్పా. పండుకున్నాక కండ్లు మూసుకోని, పొద్దున చేసే పని ఒకటొకటే చూసుకోవల్ల. దుప్పటి మడిచినా. కాళ్ళు కింద పెట్టినా. నేల సల్లగా ఉండాది. చెంబులో నీళ్ళు తాగినా. తలుపు గడియ తీసినా. ఆడిదాకా చూసినాక, ఇన్ని గంటలకి అని చెప్పి, పేరు పెట్టి పిలుచుకోవల్ల. మూడుసార్లు. అంతే."

"అంతేనా?"

"ఇంకేం గావాల? మంగళహారతి పాడల్లనా? రాత్రంతా నీ ఒళ్ళు పండుకుంటాది, మనసు ఊరికే ఉంటాది. దానికొక పని ఒప్పజెప్పితే, నీ ఒంటిని అదే కనిపెట్టుకోని ఉంటాది. ఏయ్ రత్నా, ఆ పచ్చ బిందె ఎవురిది? ముందుకి జరిపింది ఎవురు?"

తీర్పు కొళాయి మీదికి మళ్ళింది. నేత్రావతి బిందె నింపుకుని, ఆ మాటలు ఒలికిపోకుండా మెట్లెక్కింది.

మధ్యాహ్నం షిఫ్టు వారాల్లో తప్పినా నష్టం లేదు కాబట్టి సాధన అప్పుడే మొదలుపెట్టింది. పొద్దున ఆరున్నరకు లేవాలని గురి. మొదటిరోజు దుప్పటి మడిచినట్లు, నేల చల్లగా తగిలినట్లు, నీళ్ళు తాగినట్లు అన్నీ వరసగా చూసుకుంది. నేత్రావతీ, ఆరున్నరకు లెయ్యి అని మూడుసార్లు చెప్పుకుంది. కళ్ళు తెరిచేసరికి ముఖం మీద ఎండ, కడుపు మీద చైతు. ఎనిమిదీ ముప్పావు.

రెండోరోజు దానికి పూర్తిగా ఎదురు జరిగింది. ఒంటిగంటకు లేచింది, రెండుకు లేచింది, మూడున్నరకు లేచింది, ఐదుకు లేచింది. ఆరున్నరకు మాత్రం గాఢనిద్రలో ఉంది.

"ఏమని చెప్పినావు?" అని అడిగింది భాగీరథమ్మ.

"లేవకపోతే ఆ గది పోతాది, లేవకపోతే ఆ గది పోతాది అని."

"అది చెప్పడం కాదప్పా, భయపెట్టడం. భయపడిన వాచ్‌మన్ ఆకు రాలినా విజిల్ ఊదుతాడు. బుజ్జగించి చెప్పు."

బుజ్జగించి చెప్పింది. భయం పోయింది, మెలకువా పోయింది. నాలుగు రోజులు వరసగా ఎనిమిదింటికే లేచింది. అయినా నేత్రావతి విడిచిపెట్టలేదు. వెయ్యి బుష్‌లలో ఒకటి ఎందుకు పట్టదో చూసే మనిషి కదా, తన లోపల ఎక్కడ పట్టడం లేదో చూడసాగింది. దుప్పటి దాకా బాగానే ఉంది. నేల చల్లదనం నిజంగానే అరికాళ్ళకు తెలుస్తోంది. నీళ్ళు గొంతు దిగుతున్నాయి. తన పేరు చెప్పుకునే దగ్గరే అంతా బిగుసుకుపోతోంది. లోపల ఎవరూ తల తిప్పి చూడటం లేదు.

ఆ వారం చైతుకు టీకా వేయించాలి. సహనకు తోడుగా ఆస్పత్రికి వెళ్ళింది. నర్సు చీటీ చూసి "చైత్రశ్రీ!" అని పిలిచింది. చైతు చీటీ సంచి తాడు నములుతూ కూర్చుంది. నర్సు దగ్గరకు వచ్చి, గిలక్కాయ ఊపి, "చైత్రశ్రీ, చైత్రశ్రీ!" అని ముద్దుగా పిలిచింది. చైతు తాడు ఆ పక్క నుంచి ఈ పక్కకు మార్చుకుంది.

"చైతూ," అంది సహన నెమ్మదిగా.

పిల్ల తల ఒక్కటే కాదు, ఒళ్ళంతా తిరిగింది.

నేత్రావతి ఆ పిల్లను చూస్తూ ఉండిపోయింది. ఇంటికి రాగానే బ్యాగు కూడా దించకుండా భాగీరథమ్మ గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, నువ్వు ఏ పేరు పెట్టి పిలుచుకుంటావు?"

ముసలామె ఉలిక్కిపడింది. అటూ ఇటూ చూసింది. వీధిలో ఎవరూ లేరు.

"ఎవరికీ చెప్పకూడదు."

"చెప్పను."

"భగ్గీ," అంది భాగీరథమ్మ, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని. "మా నాయన అట్ల పిలుస్తావుండె. ఇప్పుడు ఆ పేరు తెలిసింది నాకూ, నా నిద్రకే."

నేత్రావతి మెట్ల మీదే కూర్చుని ఊరికి ఫోను చేసింది. అవతల ఆవు అరుపు, పాల తపేలా చప్పుడు, ఆ వెనక అమ్మ గొంతు.

"అమ్మా, నేను బడికి పోయేటప్పుడు నన్ను పొద్దున ఎట్ల లేపుతావుంటివి?"

"ఏమే, ఒంట్లో బాగలేదా?"

"బాగుండాది. చెప్పు."

"నిన్ను లేపేదేముండె? 'అమ్మణ్ణీ, దూడను ఇడిచినా!' అంటే చాలు. కండ్లు మూసుకోనే లేచి పరిగెత్తుతావుంటివి. ఒకసారి గుంజకి కొట్టుకోలా? ఆ మచ్చ ఇంకా ఉండాదేమో చూసుకో."

నేత్రావతి చెయ్యి తనకు తెలియకుండానే నుదుటి మీదికి పోయింది. మచ్చ ఉంది.

మరిచేపోయింది. తన ఆరో ఏట నుంచి పదిహేడో ఏట దాకా తెల్లవారుజాము అంటే అదే. అమ్మ ముందు దూడను వదిలేది. అది రెండు గుక్కలు తాగితేగానీ ఆవు పాలు చేపదు. చేపిన వెంటనే దూడను లాగి పట్టుకోవాలి. ఆ పని నేత్రావతిది. ఆలస్యమైందా, డైరీకి పోయాల్సిన పాలు దూడ పొట్టలోకి పోతాయి. ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు. బెంగళూరు వచ్చాక తనను అమ్మణ్ణీ అని పిలిచినవాళ్ళు లేరు. అన్న కూడా పెళ్ళయ్యాక నేత్రా అనే అంటున్నాడు. రిజిస్టరులో పేరు, గేటు కార్డు మీద పేరు, రెండూ పగటివే. నిద్రకు వాటితో పరిచయం లేదు.

*

పొద్దున షిఫ్టు మొదలయ్యే ముందు ఆదివారం రాత్రి, ఎనిమిదిన్నరకే, గోడ వైపు తిరిగి పడుకుంది. దుప్పటి మడిచింది. కాళ్ళు కింద పెట్టింది. నేల చల్లగా ఉంది. నీళ్ళు తాగింది. గడియ చప్పుడు కాకుండా తీసింది. అప్పుడు అమ్మ గొంతును తెచ్చుకుని, పెదవులు కదిలీ కదలకుండా అంది: అమ్మణ్ణీ, నాలుగున్నరకు దూడను ఇడిచినా.

మూడుసార్లు అనేలోగానే నవ్వొచ్చింది. రెండోసారి తర్వాత ఏమైందో ఆమెకు తెలియదు.

కళ్ళు తెరుచుకున్నాయి. చీకటి. చప్పుడు లేదు. ఎవరూ కుదపలేదు. ఎవరూ పిలవలేదు. కానీ చేతులు రెండూ దుప్పటిని బిగించి పట్టుకుని ఉన్నాయి, దూడ మెడతాడును పట్టినట్లు. ఫోను వెలుతురును అరచేత్తో కప్పి చూసింది. నాలుగూ ఇరవై ఎనిమిది.

చైతు వాళ్ళమ్మ చేతి మీద నోరు తెరుచుకుని నిద్రపోతోంది. సహన నిద్రపోతోంది. మునీంద్ర సన్నగా గురక పెడుతున్నాడు. నేత్రావతి నవ్వు ఆపుకోవడానికి దుప్పటి అంచు నోట్లో కుక్కుకుంది. కాళ్ళు కింద పెట్టింది. నేల రాత్రి చూసుకున్నంత చల్లగానే ఉంది.

మెట్లు దిగుతుంటే కింది కిటికీలోంచి గొంతు వినిపించింది.

"లేస్తివా?"

"లేసినా!"

కుక్క తల ఎత్తింది. మొరగడానికి ఏమీ కనిపించక మళ్ళీ పడుకుంది.

ఆ తర్వాత వింతలు ఒక్కొక్కటే ఆమె కంటబడసాగాయి. నాలుగోరోజుకల్లా ఒళ్ళు తనంతట తానే లెక్క సరిచేసుకుంది. ఎనిమిదుంపావుకు టీ వస్తుందంటే ఎనిమిదీ పదికి కడుపు మేలుకునేది. సాయంత్రం ఎనిమిది కాగానే కనురెప్పలు బరువెక్కేవి. సరిగ్గా అదే వేళకు చైతు కూడా చెవి రుద్దుకోవడం మొదలుపెట్టేది. మేనత్తా మేనకోడలూ పక్కపక్కనే ఆవులిస్తుంటే సహన అంది:

"నాకు ఒక బిడ్డ అనుకుంటి. ఇద్దరుండారు."

అయితే ఆ ఆదివారం చిన్న పొరపాటు జరిగింది. సెలవు రోజు, ఎనిమిది దాకా పడుకోవాలని ఎంతో ఆశపడింది. నాలుగూ ఇరవై తొమ్మిదికి కళ్ళు టపీమని తెరుచుకున్నాయి. చేతుల్లో దుప్పటి బిగింపు. ఎంత దొర్లినా నిద్ర రాలేదు. కిందికి దిగితే భాగీరథమ్మ మెట్టు మీద కూర్చుని ఉంది.

"ఈ పొద్దు రజా అని చెప్పినావా?"

"చెప్పలేదు."

"చెప్పకపోతే దానికెట్ల తెలుస్తాది? దానికి క్యాలెండర్ ఉండాదా? నన్ను చూడు. పూలు మానేసి పదేండ్లాయె. నేను రిటైరైనానని చెప్పడం మర్చిపోయినా. ఇంకా మూడింటికే లేపుతాంది."

"అయితే ఏమని చెప్పల్ల?"

"నీ దూడ సంగతి నాకేం తెలుసప్పా? నువ్వే ఆలోచించుకో," అని ముసలామె ఆవులించింది.

*

రెండోవారం శనివారం. పన్నెండో తెల్లవారుజాము. నేత్రావతి ఐదూ పదికే బ్రిడ్జి దగ్గర ఉంది. లేత్ మిషన్ నడిపే రియాజ్, ప్యాకింగ్‌లో చేసే ముగ్గురు ఆడవాళ్ళు కూడా వచ్చారు. ఐదుంపావు అయింది. ఐదూ ఇరవై అయింది. బస్సు లేదు.

"డ్రైవరు మునిరాజన్న ఫోను స్విచ్చాఫ్," అన్నాడు రియాజ్. ఆటో కోసం ఫోను నొక్కాడు. "పన్నెండు నిమిషాలంట. ఆగు, ఆగు... క్యాన్సిల్ చేసినాడు."

బస్సు ఆలస్యమైతే తప్పు ఎవరిదో జయరామప్పకు తెలుసు. కానీ ఆరు దాటగానే లేటు వేసేది జయరామప్ప కాదు, గేటు దగ్గరి మిషన్. దానికి వేలిముద్ర, గంట తప్ప మూడో సంగతి తెలియదు. నేత్రావతి మలుపు దాకా పోయి చూసి వచ్చింది. పదకొండు రోజులు దూడను పట్టి, పన్నెండో రోజు ఆవే రాకపోతే ఎలా?

అప్పుడు ఒకటి గుర్తొచ్చింది. మధ్యాహ్నం షిఫ్టు వారాల్లో కూరగాయలకు పోతూ చూసింది. రెండు వీధుల అవతల, ఖాళీ సైటులో, చింతకాయరంగు గోడ పక్కన ఇదే బస్సు నిలబడి ఉండటం, ఆ పక్కింటి గుమ్మంలో మునిరాజు కూర్చుని ఉండటం.

"మునిరాజన్న ఇల్లు నాకు తెలుసు. రా అన్నా," అని పరుగు తీసింది. రియాజ్ వెనకాల పడ్డాడు.

బస్సు అక్కడే ఉంది, ఒళ్ళంతా మంచుతో. తలుపు కొడితే మునిరాజు భార్య అక్కయమ్మ కొవ్వొత్తి పట్టుకుని వచ్చింది.

"అయ్యో, టైమైపోయిందా? రాత్రి నుంచి కరెంటు లేదప్పా. ఫోను చచ్చిపోయిండాది. ఏమప్పా! లెయ్యి, బస్సోళ్ళు వచ్చిండారు!"

చాప మీద మునిరాజు కొండలా పడుకుని ఉన్నాడు. అక్కయమ్మ కుదిపింది. కొండ కదిలింది, మళ్ళీ సర్దుకుంది. రియాజ్ చెవి దగ్గర నోరు పెట్టి "మునిరాజన్నా!" అని అరిచాడు. మునిరాజు గురక శ్రుతి మార్చాడు. ఐదూ ఇరవై తొమ్మిది.

నేత్రావతి ఆ ముఖాన్ని ఒక్క క్షణం చూసింది. చైతు ముఖం గుర్తొచ్చింది, చీటీ సంచి తాడు నములుతూ.

"అక్కా, చిన్నప్పుడు ఈయన్ని ఇంట్లో ఏమని పిలుస్తావుండిరి?"

"ఇప్పుడు అదెందుకప్పా?"

"చెప్పక్కా, దండం పెడతా!"

అక్కయమ్మ కొవ్వొత్తి వెలుతుర్లో సిగ్గుపడింది. "మా అత్త... గుండూ అంటావుండె."

"పొద్దున ఏం పనికి లేపుతావుండె?"

"పనా? ఈయనకి పనేముండె? ఇడ్లీ తినేదానికే."

నేత్రావతి పుట్టి బుద్ధెరిగాక గొంతెత్తి అరిచింది లేదు. బడిలో పాఠం అప్పజెప్పేటప్పుడు కూడా మాస్టరు బల్ల దాటి వచ్చి వినేవాడు. ఇప్పుడు నడుం మీద చేతులు పెట్టుకుని, ఊపిరి నిండా పీల్చుకుని, చూడని ఆ తల్లి గొంతును తెచ్చుకుని అరిచింది:

"గుండూ! ఇడ్లీ అయిపోతావుండాయి!"

మునిరాజు లేచి కూర్చున్నాడు. కళ్ళు ఇంకా మూసుకునే, చెయ్యి ముందుకు చాచాడు.

"నాకు నాలుగు!"

రియాజ్ గోడ పట్టుకుని కూలబడ్డాడు. అక్కయమ్మ చేతిలో కొవ్వొత్తి నవ్వుకు ఆరిపోయింది.

ఐదూ ముప్పైనాలుగుకు, ముఖం మీద రెండు చెంబుల నీళ్ళు కొట్టుకుని, మునిరాజు స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. "ఎవరమ్మా అట్ల పిలిచింది? మా అమ్మే వచ్చిందనుకుంటి," అన్నాడు ఒక్కసారి. ఆపైన దారంతా మాట్లాడలేదు. మాట్లాడనిస్తే కదా. బ్రిడ్జి దగ్గర ఎక్కినవాళ్ళకు రియాజ్ చెప్పాడు. తర్వాతి స్టాపులో వాళ్ళు వీళ్ళకు చెప్పారు. బస్సు పీణ్య చేరేసరికి వెనక సీటు నుంచి ముందు సీటు దాకా ఒకటే మాట.

"గుండన్నా, నిదానంగా పో, ఇడ్లీలు యాడికీ పోవు!"

"గుండన్నా, చట్నీ కావాల్నా?"

గేటు దగ్గర వరస కట్టారు. తన వేలు మిషన్ మీద పెట్టేటప్పుడు నేత్రావతి కళ్ళు మూసుకుంది. మిషన్ కూసింది. కళ్ళు తెరిచి చూసింది. ఐదూ యాభై ఏడు.

మధ్యాహ్నం షిఫ్టు దిగే వేళకు జయరామప్ప పిలిపించాడు. చేతిలో కాగితం ఉంది.

"పన్నెండు రోజులూ టైముకి వచ్చినావు. అంతకుముందు ఐదు నెల్లు నిన్ను లేపేది ఎవరివల్లా కాలేదంట, రియాజ్ చెప్పినాడు. ఏ అలారం అమ్మా అది? మా వాడికీ ఒకటి కొనిస్తా."

"అలారం కాదు సార్."

"మరి?"

నేత్రావతికి అబద్ధం చెప్పడం చేతకాదు.

"దూడ సార్."

"పీణ్యలో దూడ యాడిదమ్మా?" అన్నాడు జయరామప్ప. ఆమె నవ్వుతుంటే తలూపి, కాగితం ఆమె చేతిలో పెట్టి, అద్దాల గది తలుపు లాగి పట్టుకున్నాడు. "సరే, లోపలికి రా. చెప్పులు ఆడ ఇడువు."

లోపల నేల చల్లగా ఉంది.

ఆ రాత్రి సహన పాయసం చేసింది. భాగీరథమ్మకు గిన్నెలో, కుక్కకు చిప్పలో పోసింది. ఎనిమిదిన్నరకు నేత్రావతి, చైతు పక్కపక్కనే ఆవులించారు. గోడ వైపు తిరిగి పడుకున్నాక నేత్రావతికి గుర్తొచ్చింది, రేపు ఆదివారం. ఏమని చెప్పాలో వారం రోజులుగా ఆలోచించి పెట్టుకుంది. దుప్పటి మడవలేదు, కాళ్ళు కింద పెట్టలేదు. అమ్మ గొంతును తెచ్చుకుని, తీరుబడిగా అంది:

అమ్మణ్ణీ, దూడ పాలన్నీ తాగేసిందిలే. పండుకో.

మరునాడు ఆమెను లేపింది చైతు. ఎనిమిదిన్నరకు, జడ పట్టుకుని లాగుతూ.